వదిన ఆకలిని వెతుక్కుంటూ కర్నూలు దాకా

కడప నుంచి కర్నూలుకు ఎర్రబస్సులో పోయేవాళ్ళకు కుడిపక్క కిటికీ దొరికితే నల్లమల కొండలు చాలాదూరం తోడు వస్తాయి. ఆ కిటికీ మా వదినకు ఇచ్చాను. దారిపొడుగునా ఆమెకు నేను ఇచ్చినవాటిలో ఆమె కోరుకున్నది అదొక్కటే అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

వదిన అంటే మా ఆయన అక్క, చెన్నమ్మ. పెండ్లయిన మూడేండ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముడి పక్కన రెండో మగ్గం వేసుకుని కూర్చున్న మనిషి. మాది మాధవరం పక్కన నేతగాళ్ళ ఊరు. నేను ఆ ఇంట్లో కాలు పెట్టినప్పుడు నాకు పదిహేనేండ్లు. మొదటి రోజు సిగ్గుతో, అమ్మ గుర్తొచ్చి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను. వదిన తట్ట నిండా సంగటి, పప్పు పెట్టుకొచ్చి నా ముందు చతికిలబడి, "నువ్వు తింటేనే నేనూ తినేది. నాకా శానా ఆకలిగా ఉండాది. ఇంక నీ ఇష్టం" అంది. ఇద్దరం ఒకే తట్టలో తిన్నాం. ఆ తర్వాత ముప్పై ఏండ్లు పగటి అన్నం అట్లాగే తిన్నాం.

మేము ఆ బస్సెక్కిన ఏడు ఆమెకు కడుపులో కాన్సర్ అన్నారు. కడపలో కోశారు, కుట్టారు. మళ్ళీ కాలేయం దాకా పాకిందన్నారు. మగ్గం గుంటలో దిగితే గుంట నిండిపోయేంత మనిషి, ఆరు నెలల్లో వాసానికి వేలాడేసిన చీరలాగా అయిపోయింది. ఆమె రవికెలకు నేను మూడుసార్లు కుట్లు లోపలికి వేశాను. వేలి వెండి ఉంగరం జారిపోతుంటే దానికి నూలు చుట్టాను. నెలనెలా ఇంకో చుట్టు. నొప్పికి మాత్రలున్నాయి. ఆకలికే మందు లేదు. తట్ట చూస్తే ముఖం తిప్పుకునేది.

కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించమని కడప డాక్టరు చీటీ రాసిచ్చాడు. వదిన రానంది. చివరికి ఒక బేరం పెట్టింది. "దోవలో మహానంది చూపిస్తే వస్తా. గొంతు దాకా నీళ్ళలో కూకోవల్ల నేను." మా ఊరి పక్కన పెన్న ఉందన్న మాటే గానీ ఏడాదికి పది నెలలు అందులో ఇసుకే. గొంతు దాకా నీళ్ళు ఆమె జన్మలో చూడలేదు. మగ్గం మీద పెండ్లి చీరల పడుగు ఉంది కాబట్టి మా ఆయన రాలేకపోయాడు. మేమిద్దరమే బయలుదేరాం.

మైదుకూరు

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మైదుకూరులో బస్సు పావుగంట ఆగుతుందన్నారు. బస్టాండు ఎదురుగా రేకుల హోటలు. పెనం మీద ఎర్రకారం పూసిన దోసె వాసనకు బస్సంతా దిగిపోయింది. దోసె నాలుగు రూపాయలు, పైన పుట్నాల పొడి ఎంత కావాలంటే అంత. ఒకటి ఆకులో కట్టించుకొచ్చి వదిన ముందు విప్పాను.

"వద్దు మే. వాసనకే కడుపు తిప్పుతాండాది."

"నువ్వు తింటేనే నేనూ తినేది వదినా. పొద్దున్నుంచి నేనూ ఏమీ ముట్టలేదు."

ఆ మాట నాకు ఆమే నేర్పింది కదా. ఆరు నెలలుగా అదే వాడుతున్నాను. ఊరికే అనడం కాదు, నిజంగానే తినేదాన్ని కాదు. ఆమె రెండు ముద్దలు తింటే నేను నాలుగు. ఆమె ఏమీ తినకపోతే నాకూ ఏమీ లేదు. మా వైపు మంచంలో మనిషి పస్తుంటే ఇంటి ఆడది కడుపు నింపుకోదు. అది మర్యాద. నేను దాన్ని ప్రేమ కూడా అనుకున్నాను.

వదిన నా ముఖం చూసి దోసె అంచు తుంచింది. కండక్టరు ఎక్కుతూ, "తినమ్మా పెద్దమ్మా, మా మైదుకూరు దోసె తినకుండా పోతే బస్సు కదలదు" అన్నాడు.

"కదలకపోతే మంచిదే నాయనా. ఈడ్నే ఒక మగ్గం ఏసుకుంటా" అంది వదిన. బస్సులో అందరూ నవ్వారు. ఆమె సగం దోసె మింగింది. నేను మిగిలింది తిని తృప్తిగా చెయ్యి కడుక్కున్నాను. ఆళ్లగడ్డ రాకముందే కిటికీలోంచి తల బయటికి పెట్టి అంతా కక్కుకుంది. కొంగుతో మూతి తుడుచుకుని, "కొండలు చూస్తాండానులే" అంది, నేను అడగకముందే.

మహానంది

నంద్యాలలో తెలిసినవాళ్ళ ఇంట్లో తలదాచుకుని పొద్దున్నే మహానంది బస్సెక్కాం. అటు పోయేకొద్దీ రాయలసీమ అని మరిచిపోతాం. రోడ్డుకు రెండుపక్కలా అరటి తోటలు, కాలువల్లో పారే నీళ్ళు. మా వైపు కుళాయి దగ్గర బిందెకు బిందె తగిలితే కొట్లాట. ఇక్కడ ఒకామె కాలువలో గిన్నెలు తోముతూ నీళ్ళను చూడను కూడా చూడడం లేదు. పోతే పోనీ, వస్తూనే ఉంటాయి అన్నట్టు.

గుడి లోపలి కోనేరు సంగతి చెప్పాలి. కొండ కింద నుంచి ఊట ఎంత వస్తుందో అంతే బయటికి పోతుంది. ఎప్పుడు చూసినా ఛాతీకి వచ్చే లోతు. అడుగున గుండుసూది పడినా కనబడుతుందని చెబుతారు. నిజమే. వదినను రెండు చేతులా పట్టుకుని మెట్లు దింపాను. మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుము దాకా వచ్చాయి. నీళ్ళలో మెట్టు మీద కూర్చుంది. గొంతు దాకా నీళ్ళు.

ఆమె ముఖం మారడం నేను చూశాను. కండ కరిగిపోయాక ఆమె ఎక్కడ కూర్చున్నా ఎముక గుచ్చుకునేది. పరుపు మీద, దిండు మీద, నా ఒళ్ళో, ఎక్కడైనా. నీళ్ళలో ఒళ్ళు తేలింది.

"సుబ్బులూ, నాకు బరువు తెలీడం ల్యా. నొప్పి కూడా యాడికో పోయింది" అంది మెల్లగా.

చెయ్యి ఊపుకుంటూ ఉంటే ఉంగరం నూలుతో సహా జారి అడుగుకు పోయింది. పక్కన స్నానం చేస్తున్న నంద్యాల మనిషి ఒకాయన మునిగి తీసి ఇచ్చాడు. "దేవునికి ఇచ్చినావా తల్లీ, జారిందా" అన్నాడు.

"దేవుడు నా కండంతా తీసుకున్న్యాడు, ఉంగరం కూడా ఎందుకప్పా ఆయనకు" అంది వదిన. ఆయన నవ్వబోయి, ఆమె మెడ ఎముకలు చూసి ఆగిపోయాడు.

అంతవరకు బాగుంది. గట్టున నా సంచిలో పులిహోర ఉంది, ప్రసాదం, వేడివేడిగా. చల్లారితే అసలే తినదు. ఇప్పుడు ముఖం తేటగా ఉంది, ఈ ఊపులో నాలుగు ముద్దలు పోతాయి. నా లెక్క అది. "లే వదినా, తిందువు గానీ రా."

"ఇంకొంచెం సేపుండనీ మే."

"చల్లారిపోతుంది. నేనూ తినలేదు."

ఆమె లేచింది. అరగంట కూడా కాలేదు. తడి చీరతో గట్టెక్కుతుంటే మళ్ళీ ఎముకల బరువంతా ఆమె మీద పడింది. నాకు కనబడింది గానీ చేతిలో ఆకు విప్పుతున్నాను. ఆమె మూడు ముద్దలు తిన్నది. నీళ్ళ వైపు చూస్తూ తిన్నది.

"మళ్ళా వచ్చేటప్పుడు దిగుదాం" అన్నాను.

"మాట ఇచ్చినావు" అంది.

బైరాగి

గోపురం బయట చెట్టు నీడలో ఒక బైరాగి చిలుం గొట్టం తుడుచుకుంటున్నాడు. ఉత్తరాది మనిషి, ఏండ్ల తరబడి ఇటే తిరిగి మన మాట నేర్చుకున్నాడు. వదినను చూసి అడగకుండానే వైద్యం మొదలుపెట్టాడు. "మాతాజీ, రెండు దమ్ములు పీల్చు. గంజాయి. ఆకలి పులి లెక్క లేస్తది."

నేను సిగ్గు విడిచి, నిజమా స్వామీ అని అడిగాను. వదిన నా మోచేతి మీద గిల్లింది. "ఈ వయసులో నాచేత చిలుం పట్టిస్తావా. పోలీసోళ్ళు పట్టుకుంటే మీ ఆయన వచ్చి విడిపిస్తాడా, చీరలు దించుతాడా?"

తీసుకోలేదు. కానీ ఆ మాట మాత్రం నా కొంగున కట్టుకుని కర్నూలు దాకా మోసుకుపోయాను.

కర్నూలు

కర్నూలు పెద్ద ఊరు. ఆటోల హారన్లు, తుంగభద్ర మీద వంతెన, ఊరి నడుమ రాతి బురుజు. అక్కడ పొద్దున టిఫిను ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగుల్లో పుట్నాల పొడి, ఉల్లిపాయ వేసి తాలింపు పెడతారు. మా సంగటి బదులు వాళ్ళకు జొన్నరొట్టె. డబ్బుల్ని దుడ్లు అంటారు. ఆటో ఆయన "దుడ్లు చిల్లర లేవమ్మా" అంటే వదిన నా చెవిలో, "ఈడ డబ్బులు కూడా మనకు అర్థం కావు" అంది.

ఆసుపత్రి వరండాలో పేరు పిలిచేదాకా చాలాసేపు కూర్చున్నాం. మా పక్కన ఆదోని వైపు నుంచి వచ్చిన ఖాసింబీ, ఆమె మొగుడు. ఆయనకు గొంతులో జబ్బు. ఎముకల గూడులా ఉన్నాడు. ఖాసింబీ టిఫిను డబ్బా విప్పి, ఆయన ఎదురుగానే కూర్చుని, రొట్టె తుంచి వంకాయ కూరలో అద్దుకుని తింటోంది. ఆయనకు పెట్టడం లేదు. ఆయన చూస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఉండలేక అడిగాను. "ఆయన్ను ముందర పెట్టుకుని నీకెట్ల దిగుతాందమ్మా?"

ఆమెకు కోపం రాలేదు. "మొదట నాకూ దిగల్యా అక్కా. పస్తే ఉంటాంటి. ఒకరోజు ఈయనే అన్న్యాడు, నువ్వు తినకపోతే నాకు రెండు బీమారులు, దేన్ని మొయ్యల్ల అని. అప్పట్నుంచి ముందరే కూకొని తింటా. ఏం కూర, ఎట్లుంది అని అడుగుతాడు. చెప్తా. అంతే ఆయన ఖానా."

ఆయన తల ఊపాడు. వంకాయ కూర వైపు గడ్డం చూపించి, కారం ఎక్కువయిందా అన్నట్టు వేళ్ళు ఆడించాడు. ఖాసింబీ నవ్వింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఎంత గుండె రాయి చేసుకున్న ఆడది అనుకున్నాను. వదిన మాత్రం వాళ్ళనే చూస్తూ కూర్చుంది.

లోపల డాక్టరమ్మ చిన్న వయసు, ఓపిక గల మనిషి. కాగితాలన్నీ చూసింది, వదిన పొట్ట నొక్కి చూసింది, కాళ్ళు చూసింది. ఇంక కోయడానికి లేదు, నొప్పి లేకుండా చూసుకోవడమే అని చెప్పింది. అది మేము అనుకుంటున్నదే. నేను ఆకలి సంగతి ఎత్తి, తడబడుతూ బైరాగి మాట కూడా చెప్పేశాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆయన పూర్తిగా అబద్ధం చెప్పలేదమ్మా. ఆ గంజాయిలో ఉండే పదార్థానికి చుట్టాల్లాంటివి మన ఒళ్ళే తయారు చేసుకుంటుంది. అందరి ఒంట్లోనూ ఉంటాయి. కడుపు ఖాళీ అయినప్పుడు ఇవి మెదడుకు కబురు చెబుతాయి, అన్నం వాసన బాగుందనిపిస్తాయి. ఆకలి పుట్టించేవాటిలో ఇవి కూడా ఉన్నాయి. ఈ సంగతి డాక్టర్లకు తెలిసి కూడా ఎక్కువ కాలం కాలేదు."

"అయితే ఈమెకు అవి తక్కువైనాయా?"

"అది మాకే ఇంకా సరిగ్గా తెలియదు. ఇంత ముదిరిన జబ్బులో ఆ కబుర్లన్నీ గందరగోళమవుతాయి. అదొక్కటే కాదు. ఈమె తినక చిక్కిపోవడం లేదమ్మా. జబ్బే కండను కరిగిస్తోంది, ఆ జబ్బే ఆకలినీ చంపుతోంది. బలవంతంగా పెట్టినా అది కండ కాదు. పొగ తాగించినా పోయిన కండ రాదు. మందు రాస్తాను, కొన్నాళ్ళు కొంచెం తినాలనిపించొచ్చు. ఆమె అడిగితే ఒక ముద్ద పెట్టండి. అడగకపోతే వదిలేయండి. వదిలేస్తే మీరు చంపినట్టు కాదు."

చివరి మాట నా కండ్లలోకి చూసి చెప్పింది.

బయటికి రాగానే వదిన అంది, "దేవుడు నా ఒంట్లోనే గంజాయి తోట ఏసినాడంట సుబ్బులూ. సీమలో తోట గదా, ఎండిపోకుండా ఎట్లుంటాది?" తనే నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది. "చివికిన నూలుకు గంజి పెడితే ఏమవుతాది? నీకు తెలీదా?"

తెలుసు. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వడం పెండ్లయిన నాటి నుంచి నా పని. మంచి నూలైతే గంజి దారాన్ని పట్టుకుని బిగుస్తుంది. చివికిన నూలుకు ఎంత పట్టించినా బరువే గానీ బలం రాదు, మగ్గమెక్కగానే పుటుక్కున తెగుతుంది. డాక్టరమ్మ చెప్పింది అదే. నా చేతులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతి. అయినా ఎదురుగా ఉన్న హోటల్లో ఉగ్గాని కట్టించాను. కొంచెమైనా, కర్నూలు వచ్చి రుచి చూడకపోతే ఎట్లా, నేనూ తినలేదు అన్నాను. ఆమె నాలుగు బొరుగులు నోట్లో వేసుకుని, నేను అటు తిరగ్గానే కొంగులో ఉమ్మేసింది. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను.

నంద్యాల బస్టాండు

తిరుగు బస్సు నంద్యాలలో ఆగింది. వదినకు నీరసం, కాళ్ళు ఉబ్బాయి. అయినా బస్సు ఆగగానే లేచి నిలబడింది. పక్క ప్లాట్‌ఫారం మీద మహానంది బస్సు నిండుతోంది.

"మే, దిగుదామా. ఒక్క గంట. నువ్వు గట్టు మీద కూకో, నేను నీళ్ళలో కూకుంటా."

పొద్దున్నుంచి ఆమె కడుపులో ఏమీ లేదు. ఈ నీరసంతో నీళ్ళలో దించితే ఏమవుతుందో అని నాకు భయం. ఆ భయానికి నాకు తెలిసిన మందు ఒకటే. బస్టాండు హోటల్లో రెండు ఇడ్లీలు తెచ్చాను.

"ఈ రెండూ తిను. తింటే పోదాం."

చిన్నప్పుడు నా బిడ్డలకు చెప్పినట్టు చెప్పాను. ఆమె నా వైపు చూసింది, బస్సు వైపు చూసింది. బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని, కండ్లు మూసుకుని మింగింది. ఒకటి అయింది. నేను రెండోది చేతికిచ్చాను. ఒకటి చాలనాల్సింది. అనలేదు. రెండోది సగంలో ఉండగా అంతా చీర మీదికి వచ్చేసింది. ఆపుకోలేక బెంచీ పట్టుకుని వంగిపోయింది.

ఆడవాళ్ళ గదిలోకి తీసుకుపోయి కడిగి, నా చీర కట్టాను. బయటికి వచ్చేసరికి మహానంది బస్సు ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. నేను ఆమెను అడగనైనా లేదు. ఆమే అంది, "ఇంటికి పోదాంలే."

కడప బస్సెక్కాం. కుడిపక్క కొండలు ఈసారి ఎడమపక్క వచ్చాయి. కిటికీ ఆమెకే ఇచ్చాను. చాలాసేపటికి, తల నా భుజం మీద పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది.

"సుబ్బులూ, ఆ పొద్దు నువ్వు గోడ తిక్కు తిరుక్కోని కూకుంటే నువ్వు తింటేనే నేనూ తినేది అన్న్యా గదా. అప్పుడు నీకు ఆకలి ఉండె. సిగ్గు అడ్డం వచ్చింది. నాకు సిగ్గు ల్యా, ఆకలే ల్యా. ఆరు నెలలాయ, నేను తింటాండేది నీ కడుపు కోసం."

బస్సు ఆళ్లగడ్డ దాటింది, చాగలమర్రి దాటింది, మైదుకూరులో దోసె వాసన వచ్చింది. ఇద్దరమూ దిగలేదు.

మా ఊరు

ఇంటికి వచ్చాక ఇరవై రెండు రోజులుంది. డాక్టరమ్మ రాసిన మందుకు రెండు రోజులు ఊరిబిండి పచ్చడి అడిగి నాకింది, తర్వాత అదీ లేదు. మా ఆయన్ను బండి మాట్లాడమన్నాను, మహానందికి తీసుకుపోదామని. అప్పటికి ఆమెను మంచం మీద పక్కకు తిప్పాలంటేనే ఇద్దరం పట్టాల్సి వచ్చేది. ఇంట్లో ఉన్న పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి కాళ్ళు పెట్టించాను. "బాగుండాది" అంది నా కోసం.

ఒక పగలు నేను సంగటి, చింతాకు పప్పు తట్టలో పెట్టుకుని ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమెకు పెట్టలేదు. అడగలేదు. ఖాసింబీని తలుచుకుని ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకున్నాను. వదిన పక్కకు తిరిగి నన్నే చూస్తూ ఉంది. కర్నూలు వరండాలో వాళ్ళను చూసినట్టే.

"ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిపోయింది వదినా."

"తిను. మెల్లగా తిను" అంది. నేను తట్ట ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆమె కండ్లు ముద్ద ముద్దకూ నా చేతి వెంట వచ్చాయి. ఆమె మింగకుండా కడుపు నిండిన ముఖంతో పడుకోవడం ఆ ఆరు నెలల్లో అదే మొదలు. అట్లాంటివి ఇంకో ఏడు పగళ్ళు దొరికాయి నాకు.

మొన్న మాఘంలో మళ్ళీ మహానందికి పోయాను, ఒక్కదాన్నే. నీళ్ళు అట్లాగే ఉన్నాయి, అంతే లోతు, అంతే తేట. ఆమె కూర్చున్న మెట్టు మీద గొంతు దాకా కూర్చున్నాను. గట్టున ఒక కోడలు ప్రసాదం ఆకు విప్పి, చల్లారిపోతోంది రా అని నీళ్ళలో ఉన్న ముసలామెను పిలుస్తోంది. ముసలామె ఇంకొంచెం సేపు అంటోంది.

"ఉండనీ తల్లీ ఆమెను. నువ్వు తిను" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది, ఎవత్తివి నువ్వు నడుమ అన్నట్టు. తర్వాత ఆకు ఒళ్ళో పెట్టుకుని ఒక ముద్ద తినింది.